సాగర్ బ్యాక్‌వాటర్‌ల ట్రోలింగ్: మేమిద్దరం, ఒక వాలుగ, రెండు బకెట్లు

హాలియా గాలం
అందరికి నమస్తే. పోయిన ఆదివారం నేను, మా ఇంటామె కలిసి నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌ల పొద్దుగాల్ల నుంచి మాపటిదాకా ట్రోలింగ్ జేసినం. ఇక్కడ ఒడ్డు మీద కూసోని గాలమేసేటోళ్లే ఎక్కువ గదా, నడిచే పడవ ఎనక ఎర ఈడ్చుడు గురించి ఎవ్వరు రాసినట్టు కనబడలే. అందుకే జర వివరంగా రాస్తున్న.

మా బామ్మర్ది అమెరికాల ఉంటడు. ఆలుమొగలు ఇద్దరు పడవేస్కోని ట్రౌట్ పట్టే వీడియోలు పంపుతుంటడు. మనకాడ ట్రౌట్ లేదు, ఉండదు. అది సల్లనీళ్ల చేప, నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. మన దేశంల కశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ అసొంటి చోట్లనే బతుకుతది. మరి అదే పద్ధతి మన నీళ్లల్ల ఏ చేపకు పనిజేస్తది? రవ్వ, బొచ్చె ఉరికే ఎరను ఎంటబడయి. కొర్రమట్ట వేటాడుతది గానీ ఒడ్డు పొంటి గడ్డిల ఉంటది, పడవ ఆడికి పోదు. ఇగ మిగిలింది వాలుగ. పెద్ద నోరు, చిన్న చేపల్ని తిని బతికేది, లోతు అంచులల్ల తిరిగేది. సరే దానికోసమే పోదామనుకున్నం.

వైజాగ్ కాలనీ కాడ లైసెన్సున్న ఒక మత్స్యకారునితోని ముందే మాట్లాడుకున్నం. ఆయన తాతలు డ్యామ్ కట్టినంక చేపల కోసం విశాఖ దిక్కు నుంచి ఇటొచ్చి ఉండిపోయినోళ్లు. ఫైబర్ పడవ, ఎనక మోటరు. తెల్లారకముందే దిగినం. మంచుకు పది బారల అవతల ఏమున్నదో కనబడట్లే.

మొదటి గంట ఉత్తదే. మోటరు ఎంత తక్కువ జేసినా పడవ జోరుగ పోతున్నది, ఎర నీళ్లమీదికొచ్చి ఎగురుతున్నది. అప్పుడు పడవాయన రెండు బకెట్లకు తాడు గట్టి పడవకు అటొకటి ఇటొకటి, నడుమ భాగంల నీళ్లల్ల ఇడిసిండు. బకెట్ల నీళ్లు నిండి బరువుకు పడవ తగ్గింది. మనిషి మెల్లగ నడిచినంత వేగం. అంతే, రాడ్ కొన కొట్టుకునే తీరే మారింది, ఎర సక్కగ ఈదుతున్నదని చెయ్యికి తెలుస్తున్నది.

రెండు లైన్లు. ఎడమ దిక్కు ముప్పై మీటర్లు ఇడిసినం, మూడు నాలుగు మీటర్లు మునిగే క్రాంక్‌బైట్, అంటే చిన్న చేప లెక్క ఉండే బొమ్మ ఎర. కుడి దిక్కు ఇరవై మీటర్లు, వెండి రంగు స్పూన్, అంటే చెంచా ఆకారంల ఉండే రేకు ఎర. దిండి వాగు కృష్ణల కలిసే దిక్కు పోయినం. మునిగిపోయిన పాత ఏటి ఒడ్డు యాడుందో పడవాయనకు ఎరుక. "ఇక్కడిదాకా చేలు, ఇక్కడినుంచి ఏరు" అని చెయ్యి జూపిస్తడు. మాకు కనబడేది ఒక్కటే నీళ్లు. ఆ అంచు పొంటి పాము నడకల పడవ నడిపిచ్చిండు.

పొద్దు పొడిచినంక జరసేపటికి మొదటి దెబ్బ పడ్డది. కుడి రాడ్ ఒంగి, రీలు అరిసి, మల్ల వదులైంది. పోయింది. రెండోది ఎడమ దిక్కు, మా ఇంటామె రాడ్‌కు. నాలుగు కిలోలకు కొంచెం ఎక్కువ. పగలంతా మల్ల ఏం లేదు. ఎండకు లోతుకు పోతయంటరు. మునిగిన మొద్దులకు మూడు ఎరలు తగిలి తెగినయి. మాపటికి ఇంకో దెబ్బ పడ్డది గానీ ఎక్కలే.

ఏమన్న అడుగాలంటే అడుగుండ్రి.

పానగల్లు చెరువు
మంచి పోస్టు అన్నా. బకెట్ల ఉపాయం నేను రాసిపెట్టుకున్న. రెండు సంగతులు అడుగుత. ఒకటి, వాలుగకు పండ్లు చిన్నగున్నా ఆకురాయి లెక్క ఉంటయి, లైను కొన తెగలేదా? రెండోది, పాము నడకల ఎందుకు, సీదా పోతే ఏమైతది?

హాలియా గాలం
బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం) కొనకు రెండడుగుల స్టీల్ లీడర్, అంటే ఎర ముందర తెగకుండ ఉండే తీగ, కట్టిన. దొడ్డు నైలాన్ కూడ నడుస్తదంటరు గానీ నేను భయానికి స్టీలే.

సీదా పోతే ఎర ఒకటే లోతుల, ఒకటే వేగంల పోతది. పడవ మలుపు తిరిగినప్పుడు లోపలి దిక్కు లైను మెల్లగై కిందికి దిగుతది, బయటి దిక్కుది జోరై పైకొస్తది. దెబ్బ యే దిక్కు పడుతున్నదో చూస్తే ఆ పూట చేపకు ఏం కావాలో తెలుస్తది. మా ఇంటామెకు పడ్డది మలుపుల లోపలి దిక్కు లైనుకే. అంటే మేం ఇంకా జోరుగనే పోతున్నమన్నట్టు. దాని తర్వాత మోటరు ఆపి ఆపి నడిపినం.

టాహో తిప్పర్తి
హాలియా అన్నా, ఆ వీడియోలు పంపేవాళ్లలో నేనూ ఒకడిని అనుకోండి! మాది తిప్పర్తి దగ్గర. కాలిఫోర్నియాలో ఉంటాం. నేనూ మా ఆవిడా ఎండాకాలంలో లేక్ టాహో వెళ్తుంటాం. మీ పోస్టు చదువుతుంటే ఏది కలుస్తుందో ఏది కలవదో రాయాలనిపించింది.

వేగం కలుస్తుంది. ట్రౌట్‌కు కూడా గంటకు రెండున్నర, మూడు కిలోమీటర్లే. అక్కడ బకెట్లకు బదులు గొడుగులాంటి గుడ్డ సంచీ అమ్ముతారు, పని అదే. మలుపుల సంగతి కూడా అచ్చం మీరు చెప్పినట్టే.

లోతు దగ్గర తేడా వస్తుంది. టాహో అడుగు ఎక్కడో 500 మీటర్ల కింద ఉంటుంది. ఎండాకాలంలో పై నీళ్లు వెచ్చబడితే లేక్ ట్రౌట్ చల్లదనం వెతుక్కుంటూ బాగా కిందికి దిగిపోతుంది. దానికోసం డౌన్‌రిగ్గర్ వాడతారు. కొన్ని కిలోల సీసపు గుండును తీగతో కిందికి దింపి, దానికి మన లైనును క్లిప్పు పెడతారు. చేప లాగగానే క్లిప్పు ఊడుతుంది, తర్వాత చేపా మనమే. రెయిన్‌బో ట్రౌట్ అయితే తెల్లవారుజామున పైపైనే దొరుకుతుంది, దానికి ఈ గుండ్లూ తీగలూ అక్కర్లేదు. మీ సాగర్‌లో అంత లోతు దించితే గుండు ఏ మొద్దుకో తగులుకుని తీగతో సహా పోతుంది. కొనకండి.

ఇంకోటి. అక్కడ పదహారేళ్లు దాటితే లైసెన్సు తప్పనిసరి, రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చో లెక్క ఉంటుంది. బయటి పడవ సరస్సులో దించాలంటే ముందు దానికి తనిఖీ జరగాలి, ఆల్చిప్పల్లాంటి పరాయి జీవులు అంటుకుని వస్తాయని. ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. టాహో సొంత చేప లహోంటన్ కట్‌త్రోట్ అనే ట్రౌట్. అతిగా పట్టడం, గుడ్లు పెట్టే వాగులు పాడవడం, పైగా బయటినుంచి తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్. అన్నీ కలిసి 1930ల ఆఖరుకల్లా అది అక్కడ లేకుండా పోయింది. మేము సరదాగా పట్టేది దాని ఇంట్లో దూరిన చేపనే.

మా ఆవిడకు గాలం కంటే స్టీరింగ్ ఇష్టం. నాకు చేప పడినప్పుడు పడవ ఆపదు, వేగం తగ్గిస్తుంది అంతే. ఆపితే లైను వదులై చేప పోతుంది. మీ మొదటి వాలుగ అలా పోయిందేమో చూడండి.

హాలియా టీచరమ్మ
నేను పైన పోస్టులో "మా ఇంటామె"ని. మా సారు రాసింది చదివి ఖాతా తెరిచాను. ఆయన రాసిన దాంట్లో నీళ్లూ, ఇనుమూ, దారమూ ఉన్నాయి, రోజు లేదు.

నిజానికి రాడ్ పట్టుకోవడం నాకు విసుగు. ట్రోలింగ్‌లో నాకు నచ్చిందేమిటంటే పట్టుకోనక్కర్లేదు. రాడ్‌ను గొట్టంలో నిలబెట్టి కొన వైపు చూస్తూ కూర్చోవచ్చు. నేను పరీక్ష పేపర్లు తీసుకెళ్లాను కూడా, తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం. నాగార్జునకొండ ప్రశ్న ఉంది అందులో. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మీద పిల్లలు రాసిన జవాబులు దిద్దుతూ, ఆ నీళ్ల మీదే పోతుంటే గమ్మత్తుగా అనిపించింది. డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న పునాది రాయి వేశారు. లోయ మునిగేలోగా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. మన నల్లగొండ వైపు ఏలేశ్వరం కూడా అలాగే మునిగింది. పడవాయనను అడిగితే "ఏలేశ్వరం గట్టు అదిగోండమ్మా" అని చూపించి, వెంటనే "దాని పక్కన బాగా పడతాయి" అన్నాడు. చరిత్ర అంతా ఆయనకు లోతుల లెక్క.

చేప సంగతి. రాడ్ ఒంగినప్పుడు నా ఒళ్లో పేపర్లున్నాయి. వాటిని సంచిలో పెట్టాకే రాడ్ అందుకున్నాను. మా సారు అరుస్తూనే ఉన్నారు. పడవాయన మాత్రం మోటరు ఆపలేదు, టాహో తమ్ముడు చెప్పినట్టే తగ్గించాడు. వాలుగ గెంతదు, కొట్టుకోదు. బరువుగా కిందికి లాగుతుంది, ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. పది నిమిషాలు పట్టిందేమో. పడవ పక్కకు వచ్చాక చూశాను, వెండిలా పొడుగ్గా, కింద ఆ పొడుగాటి రెక్క అలలా ఆడుతూ. మీసాలు చాలా పొడుగు. చెయ్యి నోట్లో పెట్టొద్దని పడవాయన గట్టిగా చెప్పాడు, చిక్కంతో ఎత్తాడు.

మధ్యాహ్నం ఏమీ పడలేదు. ఆయన విసుక్కున్నారు, నేను పేపర్లు పూర్తి చేశాను. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు, పెరుగు. పడవాయనకు వాళ్లింటి నుంచి చేపల కూరే వచ్చింది, మాకు పెట్టాడు. మా కన్నా ఆయనే బాగా తిన్నాడనాలి.

కొల్లాపూర్ కుర్రోడు
అక్కా సూపర్. మాది సోమశిల. శ్రీశైలం బ్యాక్‌వాటర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టం లెక్కన 885 అడుగులు, మా గుడి ముందరదాకా నీళ్లే. వాలుగ మా దగ్గర కూడా ఉండేది, ఇప్పుడు పెద్దవి కనబడడం తగ్గింది. కారణం అలివి వలలు. దోమతెర లెక్క సన్నటి కండ్లు, పిల్ల చేప కూడా తప్పిచ్చుకోదు. నిషేధం ఉంది, పట్టుకుంటరు, వలలు కాలబెడతరు, మల్ల దిగుతయి. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు పోస్తున్నది. పోసిన పిల్లల్నే ఈ వలలు ఎత్తుకపోతే మత్స్యకారుల సంఘం సభ్యులకు ఏం మిగులుతది? మీరు రాడ్‌తో ఒకటి పట్టుడు ఎంత, అవి ఒక్క ఈడ్పుకు ఎత్తేది ఎంత.

వలమనిషి
నేను చేపలు పట్టే ఇంట్లోనుంచే వచ్చిన. నేరేడుగొమ్ము మండలం. ఈ ముచ్చట చదివి కొంచెం కోపమొచ్చింది, కొంచెం నవ్వొచ్చింది. దాపరికం లేకుండ చెప్త.

అలివి వల తప్పే. దాని మీద మేం కూడ కొట్లాడినం. కాని మీ గాలాల సంగతి కూడ ఒకటున్నది. రాత్రి కట్టిన వల తెల్లారి తీస్తం. ఆ వల పై తాడుకు బెండ్లుంటయి, మంచుల కనబడయి. మీ పడవ దాని మీదినుంచి పోయిందనుకో, మూడు కొక్కేల ఎర వలల చిక్కుతది. మీరు లాగుతరు, లైను తెగకపోతే వల చినుగుతది. మీకు పోయింది ఒక ఎర. మాకు ఆ రోజు పొద్దు, ఇంకో పూట కూసోని అల్లుకునే పని. హైదరాబాద్ నుంచి సొంత పడవలు తెచ్చేటోళ్లు కొందరు వల తాడు కోసి పోతరు.

హాలియా అన్న మనోణ్ణే తీస్కపోయిండు కాబట్టి సరిపోయింది. లైసెన్సున్నోని పడవ ఎక్కితే ఎవని వల యాడుందో ఆయనకు తెలుస్తది. ఒంటిగ వచ్చేటోళ్లు కనీసం సంఘంల అడిగి దిగుండ్రి.

హాలియా గాలం
అన్నా నువ్వన్నదాంట్ల తప్పేం లేదు. మా పడవాయన రెండు చోట్ల మమ్మల్ని లైన్లు మొత్తం చుట్టమని చెప్పి, బెండ్లు దాటినంకనే మల్ల ఇడిపిచ్చిండు. కిరాయి మాట్లాడుకున్నప్పుడు చేప పడితే సగం ఆయనకని కూడ అనుకున్నం. ఆయన వద్దన్నడు. "నాకు వల ఉంది గదండీ" అన్నడు.

పానగల్లు చెరువు
ఇంతకీ ఆ వాలుగను ఏం జేసిండ్రు? తిన్నరా, ఇడిసిండ్రా?

హాలియా టీచరమ్మ
తిన్నాం. పులుసు. చింతపండు కొంచెం తగ్గించి, మెంతులు వేయించి పొడిచేసి, ఉల్లిగడ్డ ముద్ద. వాలుగలో సన్నటి ముళ్లు తక్కువ కదా, పిల్లలు కూడా తింటారు. కొవ్వు ఎక్కువ, అందుకే నూనె సగమే పోశాను. చేప పెద్దది, మా ఇంటికి ఎక్కువే. పక్కింటి వాళ్లకూ, మా అత్తగారింటికీ పోయింది.

ముక్కలు కడిగేటప్పుడు ఉప్పు, పసుపు రాసి, మజ్జిగలో కొంచెంసేపు ఉంచితే జిగట పోతుంది. పులుసు పొద్దున వండి రాత్రికి తినాలి. మా సారు ఆగలేదు.

ఏటి పిట్ట
ఈ వేదికలో ఎక్కువగా చదువుతాను, రాయడం తక్కువ. ఒక మాట. వాలుగ ఇప్పుడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ముప్పును ఎదుర్కొంటున్న (వల్నరబుల్) జాతుల్లో ఉంది. ఐ.యు.సి.ఎన్. అంటే మీకు తెలిసే ఉంటుంది. తినడం చట్టవిరుద్ధం అనడం లేదు, మార్కెట్లో అమ్ముతూనే ఉన్నారు. కానీ సరదా కోసం వెళ్లేవాళ్లు కనీసం వానాకాలం మొదట్లో వెళ్లకండి. కొత్త నీళ్లు దిగగానే వాలుగ గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎగబాకుతుంది. గుడ్లతో ఉన్న చేప పడితే వదలండి. మూడు కొక్కేల ఎరకు బదులు ముళ్లు నొక్కేసిన ఒకటే కొక్కెం పెడితే వదలడం తేలిక, వలమనిషి గారి వలకు కూడా తక్కువ ప్రమాదం.

దానికి పోటీగా నీళ్లలో చేరినవి కూడా ఉన్నాయి. జిలేబి చేప (తిలాపియా), ఆ ఒళ్లంతా పెచ్చులున్న దెయ్యం చేప. టాహోలో జరిగినట్టే ఇక్కడ కూడా ఎవరి ఇంట్లోకి ఎవరు దూరుతున్నారో చూస్తూనే ఉన్నాం.

కొల్లాపూర్ కుర్రోడు
దెయ్యం చేప మా వలలల్ల మస్తు పడుతున్నది. అమ్ముడుపోదు, వల చింపుతది. ఒడ్డున పారేస్తే కుక్క కూడ ముట్టదు.

మునగాల వదిన
టీచరమ్మ గారూ, మగవాళ్లు ఎవరూ అడగరు కాబట్టి నేను అడుగుతున్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవలో అంటే బాత్రూమ్ సంగతేంటి? నాకు ఈత రాదు, అది ఇంకో భయం. మా ఆయన రమ్మని ఎన్నిసార్లు అడిగినా ఈ రెండిటికే వద్దంటున్నా.

హాలియా టీచరమ్మ
వదినా, మంచి పని చేశారు అడిగి. ముందే పడవాయనతో మాట్లాడుకోవాలి, రెండు మూడు గంటలకోసారి ఒడ్డుకు తేవాలని. సిగ్గుపడకుండా చెప్పాను, ఆయన భార్యనే ఫోన్‌లో లైనులోకి తెచ్చి మాట్లాడించాడు. కాలనీలో వాళ్లింట్లోనే ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు ఇంకోసారి. అడవి ఉన్న ఒడ్డున మాత్రం దిగొద్దన్నాడు. ఆ ముక్క ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది. నేను లంగా ఓణీ కాలం నుంచీ చీరే, కానీ ఆ రోజు చుడీదార్. పడవ ఎక్కడం దిగడం తేలిక.

ఈత నాకూ రాదు. లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కాను, పట్టీలన్నీ బిగించి. ఉత్తగా భుజాల మీద వేసుకుంటే నీళ్లలో పడగానే తలమీదుగా ఊడిపోతుందట. మా సారు వేసుకోనంటే పడవ కదలనివ్వలేదు.

కొల్లాపూర్ కుర్రోడు
వదినా, జాకెట్ సంగతి మాత్రం సీరియస్‌గ తీసుకోండి. 2007 జనవరిల మా దిక్కు నదిల మంచాలకట్ట కాడ పడవ మునిగి అరవై మంది దాకా పోయిండ్రు. ఇప్పటికీ మా ఊర్లల్ల పడవ ఎక్కేటప్పుడు పెద్దోళ్లు ఆ మాటే ఎత్తుతరు. బ్యాక్‌వాటర్ అంటే చెరువు అనుకోవద్దు. మధ్యాహ్నం దాటినంక గాలి లేస్తే మస్తు అలలొస్తయి, వెడల్పు ఎక్కువ గాబట్టి ఒడ్డుకు రావాలంటే చానసేపు పడతది.

ఏటి పిట్ట
అడవి ఒడ్డు గురించి. మన వైపు కొంత భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా అందులో దిగడం, పొయ్యి పెట్టడం, చేపలు పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. నీళ్ల మీద గీత కనబడదు కాబట్టి పడవాయన "ఇక్కడ వద్దు" అంటే వాదించకండి.

జూరాల గేటు
మా జూరాల దిక్కు ఎవరన్న ఈ ట్రోలింగ్ జేసిండ్రా? నీళ్లు నిండుగనే ఉన్నయి, పుట్టిల కూసోని జేయొచ్చా?

వలమనిషి
పుట్టిల ట్రోలింగా! పుట్టి గుండ్రంగ ఉంటది తమ్మీ, సక్కగ పోదు, తిరుగుతది. నీ లైను నీ మెడకే చుట్టుకుంటది. అది వల కట్టనీకె, తియ్యనీకె. ఇగ జూరాల కాడ మొసళ్లున్నయి, డ్యామ్ కింది బండల మీద ఎండకు పండుకుంటయి. పుట్టి అంచు నీళ్లకు జానెడు ఎత్తు కూడ ఉండదు. చేప కొట్టుకుంటుంటే అది కూడ వస్తది.

జూరాల గేటు
సరే అన్నా, ఒడ్డుమీదికెళ్లే ఏస్త.

పానగల్లు చెరువు
ట్రౌట్ ముచ్చటకు మల్లొస్త. మనకాడ ఉండదు అన్నరు గదా. రంగారెడ్డి జిల్లా కందుకూరు కాడ రెయిన్‌బో ట్రౌట్‌నే ట్యాంకులల్ల పెంచుతున్నరు. నీళ్లను సల్లబరిచి, శుద్ధి జేసి, అవే మల్ల మల్ల తిప్పుతరు. మా నల్లగొండకెళ్లి దూరమేం కాదు. రేపు సాగర్ రోడ్డు మీద ట్రౌట్ ఫ్రై బోర్డు జూసినా నేను ఆశ్చర్యపోను.

టాహో తిప్పర్తి
ట్యాంకులో అయితే సాధ్యమే, కరెంటు ఖర్చు వాళ్లది. ఎవరైనా ముచ్చటపడి ఆ చేపపిల్లల్ని నల్లగొండ దగ్గరి ఉదయసముద్రం రిజర్వాయర్‌లో వదలకండి, మొదటి ఎండాకాలమే దాటవు. కశ్మీర్‌కు ట్రౌట్ గుడ్లు 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి ఓడ మీద వచ్చాయి, నీలగిరుల్లో ఆ తర్వాత కొన్నేళ్లకు హేచరీ పెట్టారు. ఆ కొండ వాగుల చల్లదనం ఉంది కాబట్టి నిలబడ్డాయి. తెల్లదొరల సరదా అది. మా ఆవిడ అడుగుతోంది, టీచరమ్మ గారి పులుసు ట్రౌట్‌తో కుదురుతుందా అని. నేను కుదరదన్నాను.

హాలియా టీచరమ్మ
కుదురుతుందేమో చేసి చూడమనండి. వండేది ఆవిడా, మీరా?

టాహో తిప్పర్తి
నేనే.

నిర్వాహకులు
అలివి వలల చర్చకు వేరే అంశం తెరిచాం, అక్కడ కొనసాగించండి. వాలుగ పడిన చోటు గురించి మ్యాప్ గుర్తులు, అక్షాంశ రేఖాంశాలు ఇక్కడ పెట్టవద్దు, ఇద్దరి పోస్టుల్లోంచి తొలగించాం. పడవాయన ఫోన్ నంబర్ అడిగేవాళ్లు కూడా బహిరంగంగా అడగవద్దు.

హాలియా గాలం
సరే. ఒక ప్రశ్న మిగిలింది, వలమనిషి అన్నకే. నాకు మొద్దులకు తగిలి ఎరలు పోయినయి. ఒక్కొక్కటి ఖరీదే. పాత ఏటి అంచు పొంటి పోవాలె, మొద్దులు తప్పాలె. మీకు ఎట్ల తెలుస్తది యాడ ఏమున్నదో? మా పడవాయనను అడిగితే నవ్విండు.

వలమనిషి
నవ్వుడు ఎందుకంటే అది చెప్తే వచ్చేది కాదు. కాని జూస్తే వస్తది. సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి తగ్గుకుంట తగ్గుకుంట పోతది, కాల్వలకు నీళ్లిచ్చే కనీస మట్టం 510 దిక్కు దిగుతది కొన్నేండ్లు. అప్పుడు మొద్దులు, పాత గోడలు, బండ్ల బాటలు, బావులు, చేను గట్లు అన్ని బయటపడతయి. మా నాయన నన్ను చిన్నప్పుడు ఎండల తిప్పింది అందుకే. యాడ బండ, యాడ గుంట, యాడ చింతచెట్టు మొద్దు అని చూపెట్టుకుంట. నిండినంక అవే వల కట్టే గుర్తులు.

ఇంకోటి. పైన శ్రీశైలంల కరెంటు తీస్తే ఇటు నీళ్లు కదులుతయి. ఆ కదలికల చిన్న చేపలు అంచుకు జరుగుతయి, వాలుగ వాటెంట. నీళ్లు నిలబడ్డ రోజు నువ్వు ఎన్ని బకెట్లు కట్టినా ఉత్తదే. మీ ఆదివారం మాపటిపూట పడ్డ దెబ్బ కూడ అసొంటిదే అయ్యుంటది.

మీరిద్దరు ఏప్రిల్ ఆఖర్ల రాండ్రి, రాడ్ వద్దు, చెప్పులు గట్టియి ఏస్కోని. దిండి వాగు దిక్కు నడిపిస్త. పొద్దుగాల ఆరింటికి రావాలె, తొమ్మిదైతే బండలు కాలుతయి.

హాలియా టీచరమ్మ
వస్తాం అన్నా. ఏప్రిల్ 24 నుంచి బడికి సెలవులు ఉంటాయి. మునగాల వదిన కూడా వస్తానంటే చెప్పండి, నడిచే పనే కదా.

మునగాల వదిన
నేల మీద అయితే ముందు నేనే.